మరదలు ఎంచిన మదర్‌బోర్డు

"అక్కా, బోర్డు తీసేసుకున్నాం" అన్నాడు తమ్ముడు ఫోన్లో, అదేదో మిఠాయి పంచాల్సిన కబురైనట్టు.

చెవులక్క చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఎదురుగా బల్ల మీద ఎవరో పెద్దాయన చెవి మిషను పొట్ట విప్పుకుని పడి ఉంది. దాని సంగతి మరిచిపోయి ఆమె తమ్ముడి మాట దగ్గరే ఆగిపోయింది. తీసుకోమంటావా అని అడగలేదు. ఏది తీసుకుందాం అని అసలు అడగనే లేదు. కొనడం కూడా అయిపోయింది, అదీ మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి.

"ఏ బోర్డు?" అంది, గొంతు మామూలుగా పెట్టి.

"అదే అక్కా, తను చెప్పింది. కొత్త సాకెట్‌ది."

"మరి నేను చెప్పింది?"

"నువ్వు చెప్పిందీ మంచిదే. కాకపోతే..."

"సరేలేరా, పనిలో ఉన్నాను" అని పెట్టేసింది. ఆ తర్వాత పనేమీ జరగలేదు. పెద్దాయన మిషను ఆ పూటంతా అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

ఆమె పని వినికిడి మిషన్లు బాగుచెయ్యడం. ఆసుపత్రి మెట్ల పక్కన ఇరుకు గది, ఒక బల్ల, బల్లకు బిగించిన భూతద్దం, గోడకు తగిలించిన పనిముట్లు. డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ ఆమెను చెవులక్క అనే పిలుస్తారు. ఆమెకూ ఆ పిలుపు అలవాటైపోయింది. తమ్ముడిది అదే వీధిలో ఇంకో ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. గుమ్మాల్లో తల వంచి నడిచేటంత పొడుగు. అయినా ఆమెకు వాడు బుడ్డోడే.

ఈ అక్కాతమ్ముళ్ళిద్దరికీ మదర్‌బోర్డు అంటే ఏమిటో చెప్పకపోతే ఆమె కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. అట్టముక్కంత పలక కోసం మనిషి ఇంత కుళ్ళుకుంటుందా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మనుషులు ఇంతకంటే చిన్నవాటికే మాటలు మానేసుకుంటారు.

చిన్నప్పుడు వాళ్ళ ఇంటి వెనకే పాత సామాన్ల కొట్టు ఉండేది. చచ్చిపోయిన కంప్యూటర్లు అక్కడికి వచ్చి పడేవి. అక్కాతమ్ముళ్ళు ఆ కొట్టువాడిని బతిమాలి బోర్డులు తెచ్చుకునేవాళ్ళు. దుమ్ము దులిపి, ఒకదాని ముక్కలు ఇంకోదానికి తగిలించి, చివరికి ఎలాగో ఒక మిషను లేపి, అందులో కారు పందేల ఆట ఆడారు. అప్పటి నుంచీ ఇంట్లో ఎన్ని కంప్యూటర్లు మారినా పద్ధతి ఒక్కటే. ముందు బోర్డు, ఆ తర్వాతే మిగతావి. ఏ ప్రాసెసర్ కూర్చోవాలో, ఏ ర్యామ్ పట్టాలో, పెట్టె ఎంత ఉండాలో అన్నీ చెప్పేది బోర్డే కాబట్టి దాన్ని ఎంచడానికి ఇద్దరూ వారాల తరబడి కొట్టుకునేవాళ్ళు. అలిగేవాళ్ళు, మళ్ళీ కలిసేవాళ్ళు. ఆ కొట్లాటలోనే ఒకరికొకరు ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు.

బోర్డు వచ్చాక ప్రాసెసర్ పెట్టేది మాత్రం ఎప్పుడూ అక్కే. పెట్టేముందు, అది కూర్చునే సాకెట్ మీద బొటనవేలితో ఒక్కసారి తుడిచేది. పాత రకం బోర్డుల్లో సాకెట్ అంటే ఉత్త చిల్లులే. పిన్నులన్నీ ప్రాసెసర్ కడుపు కింద ఉండేవి. అందుకని బోర్డును ఎంత తుడిచినా ఏమీ అయ్యేది కాదు. అలా తుడవడం అవసరమూ కాదు, ఎవరూ నేర్పిందీ కాదు. కానీ అది చూస్తే గానీ బుడ్డోడు ధైర్యంగా స్విచ్ నొక్కేవాడు కాదు.

అలాంటిచోటికి మరదలు వచ్చింది.

వచ్చిన దారి కూడా చెవులక్కకు నచ్చనిదే. బుడ్డోడు ఆన్‌లైన్ పందెంలో తన కారును గోడకేసి గుద్దిన ప్రతిసారీ పక్క నుంచి ఎవరో దాటిపోయేవాళ్ళు. ఎవరబ్బా అని ఆరా తీస్తే ఆడపిల్ల. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో పని. మాటలు కలిశాయి, ముఖాలు చూసుకున్నారు, ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. "మీ ఇంట్లో చెవులుండేవి, ఇప్పుడు పళ్ళు కూడా వచ్చాయి" అన్నాడు చెవులక్క మొగుడు. ఆయన బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. ప్రపంచంలో దేన్నీ సీరియస్‌గా తీసుకోకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి.

పెళ్ళయిన కొత్తలోనే బుడ్డోడి పాత మిషను మొరాయించడం మొదలుపెట్టింది. ఆటలకని కొత్తది కట్టుకుందాం అనుకున్నారు. చెవులక్క వెంటనే రంగంలోకి దిగింది. వారం తిరక్కుండా తన బోర్డు తను ఎంచేసింది. పాత సాకెట్‌దే, కానీ నిక్కమైనది. కరెంటు భాగాలు గట్టివి, ధర తక్కువ, మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు ఇంకో మెట్టు పైది తెచ్చుకోవచ్చు. అన్నిటికీ మించి, కిందటేడు తమ్ముడికి తను కొనిచ్చిన ర్యామ్ పట్టీలు అందులో పడతాయి. ఈ చివరిది మాత్రం ఆమె పైకి అనలేదు.

మరదలు మెత్తగా అడ్డం పడింది. "వదినా, మీరు చెప్పింది బాగానే ఉంది. కానీ ఆ సాకెట్‌కి ఇక కొత్త ప్రాసెసర్లు రావు కదా. కొత్త రకం తీసుకుంటే కొన్నేళ్ళ తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు, మళ్ళీ బోర్డు కొననక్కర్లేదు."

"మరి ర్యామ్?"

"కొత్త దాంట్లో పాత ర్యామ్ పట్టదు వదినా. గాడి వేరే చోట ఉంటుంది. అది కూడా కొత్తది తీసుకోవాలి."

న్యాయంగా చెప్పాలంటే ఆ పిల్ల అన్నది తప్పు కాదు. చెవులక్కకు ఆ సంగతి తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది. వెర్రిమాట అయితే నవ్వి తోసెయ్యొచ్చు, ఇలాంటి మాటను ఏం చెయ్యాలి? అప్పటికి "ఆలోచించుకోండి" అని పెద్దరికంగా ఒక మాట పడేసి ఊరుకుంది. వాళ్ళు నిజంగానే ఆలోచించుకున్నారు, ఆమె లేకుండా.

ఫోనొచ్చిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుల దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

"ఆ పిల్ల కావాలనే చేసింది."

"ఏం చేసింది?" అన్నాడు డ్రాయింగ్ మాస్టారు, పిల్లల బొమ్మలకు మార్కులు వేసుకుంటూ.

"నా ర్యామ్ పట్టని బోర్డు తెచ్చింది."

"నీ ర్యామ్ పట్టకూడదని బోర్డు కొనేవాళ్ళు ఎవరైనా ఉంటారా? దీన్ని అనుమానం అనరు, ఓర్వలేనితనం అంటారు."

"నాకెందుకు ఓర్వలేనితనం? వాడి ఇల్లు, వాడి పెళ్ళాం, వాడి బోర్డు."

"మొదటి రెండూ వదిలేశావు బాగానే. మూడోదే వదల్లేకపోతున్నావు."

ఆమె మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అయినా మనసులో ఒక లెక్క మాత్రం తేలలేదు. పెళ్ళప్పుడు ఇంత బాధ కలగలేదు. వేరు కాపురం పెట్టినప్పుడూ కలగలేదు. ఇప్పుడు ఒక పలక దగ్గర గుండెలో ముల్లు దిగినట్టుందేమిటి? తమ్ముడికి తనతో ఉన్న పని ఇక అయిపోయిందా? అదే ఆమె భయం. ఆ భయాన్ని భయం అని ఒప్పుకోవడం కంటే మరదల్ని తిట్టుకోవడం సుళువు.

ఆదివారం బిగించుకుందాం, రా అక్కా అని పిలిచాడు తమ్ముడు. పిలవకపోయి ఉంటే పిలవలేదని ఏడ్చేది. పిలిచాడు కాబట్టి, బిగించడానికి కూలిమనిషినా అనుకుంది. వెళ్ళకూడదని గట్టిగా అనుకుని, పొద్దున్నే పనిముట్ల పెట్టె సర్దుకుని వెళ్ళింది.

హాల్లో భోజనాల బల్ల ఖాళీ చేసి దాని మీద మెత్తటి గుడ్డ పరిచారు. కిటికీ వైపు క్యాబినెట్, పక్కన డబ్బాలు. బోర్డును అప్పటికే కవరులోంచి తీసి మధ్యలో పెట్టారు. మెరుపు లేని నలుపు రంగు, అంచుల్లో వెండి రంగు దిమ్మలు, ఎక్కడా పొంకం తప్పలేదు. ముచ్చటగా ఉంది. కనీసం వికారంగా ఉన్నా కొంత ఊరటగా ఉండేది.

"రండి వదినా. మీ కోసమే చూస్తున్నాం" అంది మరదలు, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

"నువ్వు కూర్చో అక్కా. ప్రాసెసర్ నువ్వే పెట్టాలి" అన్నాడు బుడ్డోడు.

మరదలు ఒక్క క్షణం తటపటాయించింది. "ఈసారికి నేను పెట్టనా? నేనెప్పుడూ పెట్టలేదు. వదిన పక్కనుండి చెప్తారు."

"దానికేం భాగ్యం, పెట్టుకోమ్మా. నీ బోర్డేగా" అంది చెవులక్క. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఎలాంటిదో బుడ్డోడికి అర్థం కాలేదు. మరదలికి అర్థమైంది.

ఇంతలో ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలరు కింద రాసే పేస్టు ట్యూబు ఎండిపోయిందని తేలింది. బుడ్డోడు బండి తాళాలు తీసుకుని కొట్టుకు వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే మరదలికి ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. ఎవరి పైవరస పళ్ళో కొలత తప్పాయట. ఆమె మాట్లాడుతూ వంటగదిలోకి వెళ్ళింది. హాల్లో చెవులక్కా, ఆ బోర్డూ మిగిలారు.

ఆమె బోర్డును అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తింది. ఎందుకో దాచుకోవడం దేనికి? వంక పెట్టడానికే. ఒక వంకర అతుకు, ఒక గీత, సరిగ్గా కూర్చోని చట్రం, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని ముందూ వెనకా తిప్పి చూసింది. ఏమీ దొరకలేదు. అప్పుడు సాకెట్ పక్కనున్న కడ్డీ లేపి, చట్రం ఎత్తి, దాని నల్లటి ప్లాస్టిక్ మూత ఊడదీసింది.

కొత్త రకంలో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డుకే ఉంటాయని ఆమె చదివింది. చూడటం మాత్రం ఇదే మొదటిసారి. బంగారు రంగులో, వెంట్రుక కంటే సన్నగా, వరసలు వరసలుగా, అన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి. అంత పొందికైన పని చూస్తే ఇంకోనాడైతే మురిసిపోయేది. ఒక మూల మీద చిన్న నలక కనబడింది, పరిచిన గుడ్డలోంచి లేచిన పోగు కాబోలు.

ముట్టుకోకూడదని ఆమె బుర్రకు తెలుసు. బొటనవేలికి తెలియదు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే అది చేసేసింది.

వేలి కింద ఏదో గరగరమంది. చెయ్యి వెనక్కి తీసుకుని చూస్తే, ఆ మూల నాలుగైదు పిన్నులు పక్కవాటితో కలవకుండా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వంటగదిలో మాటలు ఆగాయి. ఫోను పెట్టేసిన చప్పుడు, తర్వాత అడుగుల చప్పుడు.

ఆ గుమ్మంలోకి మరదలు రాగానే "ఇదిగో, ఇలా అయింది" అని ఉంటే ఈ కథ ఇక్కడితో సరిపోయేది. చెవులక్క మూత పెట్టేసింది, చట్రం దించింది, కడ్డీ నొక్కేసింది, బోర్డును గుడ్డ మీద ఉన్నచోటే ఉంచింది. ఒక్కోసారి అలా ఉన్నా పనిచేస్తాయి అని తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధమని చెప్పుకుంటుండగానే తెలుసు.

మరదలు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. మూత తీసి పక్కన పెట్టింది. సాకెట్ వైపు పరీక్షగా చూడలేదు. కొత్త బోర్డును అనుమానంగా చూడాలని ఎవరికి తోస్తుంది? ప్రాసెసర్‌ను రెండు వేళ్ళతో అంచుల దగ్గర పట్టుకుని, మూల గుర్తు సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి దించింది.

"ఇలాగేనా వదినా?"

"ఊఁ" అంది చెవులక్క.

బుడ్డోడు పేస్టు తెచ్చాడు. కూలరు బిగించారు, కొత్త ర్యామ్ పెట్టారు, గ్రాఫిక్స్ కార్డు గుచ్చారు, తీగలన్నీ తగిలించారు. చెవులక్క అడిగినప్పుడల్లా స్క్రూలు అందించింది. స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది. బోర్డు అంచున ర్యామ్ పక్కన, ఏదో తేడా ఉందని చెప్పే చిన్న ఎర్ర దీపం వెలిగింది, ఆరలేదు.

ర్యామ్ తీసి మళ్ళీ పెట్టారు. గాడి మార్చారు. ఒక్క పట్టీతో ప్రయత్నించారు. ఎర్ర దీపం కదల్లేదు. చివరికి బుడ్డోడు కూలరు విప్పి, ప్రాసెసర్ పైకి తీసి, ఫోను లైటు వేసి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పిన్నులు వంగిపోయాయి" అన్నాడు. మరదలి వైపు తిరిగాడు. "జార్చావా?"

"లేదు. జారలేదనే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటి? జారిందా, లేదా?"

"మెల్లగానే దించాను. మరి..."

"ఇప్పుడు కొట్టువాడు వెనక్కి కూడా తీసుకోడు. పిన్నులు వంగితే మన తప్పే అంటాడు." అతను లైటు ఆర్పేసి కుర్చీలో వెనక్కి వాలాడు. "అందుకే అక్కకివ్వమన్నాను. ఇన్నేళ్ళలో అక్క చెయ్యి ఒక్కసారైనా తప్పిందా?"

పెళ్ళయిన దగ్గర్నుంచీ చెవులక్క ఎదురుచూస్తున్న మాట అది. ఇలాంటి మాట ఏదో ఒకరోజు వాడి నోటి నుంచి రావాలని, అది కూడా ఆ పిల్ల ముందు రావాలని ఎన్నిసార్లు కోరుకుందో లెక్కలేదు. వచ్చింది. ఒక్క క్షణం హాయిగానే ఉంది. ఎంత హాయిగా ఉందో తెలిసేసరికి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"సారీ వదినా. మీకే ఇవ్వాల్సింది" అంది మరదలు. అంటూనే ఒళ్ళో పెట్టుకున్న చేతిని కాస్త పైకెత్తి, రెండు వేళ్ళు దగ్గరచేసి, లేని ప్రాసెసర్‌ను గాల్లో దించి చూసుకుంటోంది. ఎక్కడ జారిందా అని. మళ్ళీ ఎత్తి మళ్ళీ దించింది.

చేతిపని చేసుకు బతికే మనిషికి తన వేళ్ళ మీద అనుమానం రావడం ఎలాంటిదో ఆ ఇంట్లో చెవులక్కకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇంకోసారి ఆ చెయ్యి గాల్లో దిగడం ఆమె చూడలేకపోయింది.

"వంచింది నేను" అంది.

బుడ్డోడు నవ్వేశాడు. "ఊరుకో అక్కా. వెనకేసుకు రాకు." పెళ్ళాంతో అన్నాడు, "చూశావా? నీ తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. నువ్వేమో ఆవిడకి నేనంటే పడదు, పడదు అంటావు."

మరదలు తల ఇంకా కిందికి వంచేసింది.

చెవులక్క కదలకుండా కూర్చుంది. నిజం చెప్పేసింది, అది అబద్ధమనుకున్నారు, పైగా మహాతల్లిని చేశారు. ఇక ఒక్క ముక్క మాట్లాడనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు, తమ్ముడు జన్మంతా ఈ ఆదివారాన్ని పెళ్ళానికి గుర్తుచేస్తూనే ఉంటాడు. ఇంతకంటే బాగా గెలవడం ఎవరివల్లా కాదు.

"నోరు ముయ్యరా బుడ్డోడా" అంది. "వెనకేసుకురావడం కాదు. నువ్వు పేస్టు కోసం వెళ్ళావు. ఈ అమ్మాయి ఫోన్లో ఉంది. సాకెట్ మూత తీసింది నేను. ఎందుకు తీశాను? ఈ పిల్ల కొన్న బోర్డులో ఏదో ఒక వంక పట్టుకుని నీకు చూపిద్దామని. నలక కనబడితే ఎప్పటిలా వేలితో తుడిచాను. వంగాయి. వంగడం చూశాను. చూసి మూత పెట్టేశాను. తర్వాత ఈ అమ్మాయి ఇలాగేనా వదినా అనడిగితే ఊఁ అన్నాను."

"ఎందుకక్కా?"

"కుళ్ళురా. ఇంకేముంటుంది? బోర్డు నన్నడక్కుండా కొన్నారని కుళ్ళు."

అక్కకు కోపమొస్తుందని బుడ్డోడికి తెలుసు, మొండిదని తెలుసు. తప్పు చేసి దాచే మనిషని ఇప్పుడే తెలిసింది. ఆ తెలియడం అతని ముఖంలో కనబడింది. చెవులక్క దాన్ని చూసింది. చిన్నప్పటి నుంచీ ఆ ముఖంలో తన కోసం ఉండే ఒకటి అక్కడి నుంచి వెళ్ళిపోవడం కూడా చూసింది. దేని కోసం ఇన్నాళ్ళూ ప్రాకులాడిందో అదే చేజేతులా పోగొట్టుకుంది.

మరదలు కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో గట్టిగా తుడిచింది. పెట్టుకున్నాక ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపు ల్యాబ్‌లో పళ్ళు ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను వదినా నేను."

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

తర్వాత మరదలు ఆ బోర్డును తన వైపుకు లాక్కుంది. "అయితే నాది కూడా వినండి. కొన్నేళ్ళ తర్వాత ప్రాసెసర్ మార్చుకోవచ్చని ఈయనకు చెప్పాను, మీకూ చెప్పాను. అది నిజమే. కానీ నేను ముందు చూసుకున్నది అది కాదు. మీ ర్యామ్ పట్టని బోర్డులు ఏవా అని చూశాను. అందులోంచి ఇది ఏరాను."

"ఏంటీ?" అన్నాడు బుడ్డోడు.

"మీరు మాట్లాడకండి" అంది మరదలు, మొగుడి వైపు చూడకుండానే. "ఈ ఇంట్లో మేకు కొట్టాలన్నా అక్క ఇలా కొడుతుంది అంటారు. మానిటర్ అక్క ఎంచింది, కుర్చీ అక్క చెప్పింది, చివరికి పందెంలో నేను గెలిస్తే అక్క కూడా ఇలాగే మలుపు తిప్పేది అంటారు. ఒక్క పెట్టె కావాలనుకున్నాను వదినా. మూత తీసి చూస్తే మీరు లేని పెట్టె ఒక్కటి."

ఈ మాట వింటే చెవులక్కకు అరికాలి మంట నెత్తికెక్కాలి. డ్రాయింగ్ మాస్టారికి ఫోను చేసి, చూశారా, అలా కొనేవాళ్ళు ఉంటారు, మా ఇంట్లోనే ఉన్నారు అని దులిపెయ్యాలి. ఆమె అవేవీ చెయ్యలేదు. ఇన్ని నెలలుగా ఆ పిల్ల తనను పూచికపుల్ల కింద తీసిపారేసిందనుకుని ఏడ్చింది. తీసిపారేయడమెక్కడ? ఒక పలక కొనబోయి కూడా తననే తలుచుకుంది. తనను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరు ఈ లోకంలో ఉన్నారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అనుకోనిది కాబట్టేనేమో, అది మనసుకు చల్లగా తగిలింది.

"కసితో ఎంచినా మంచిదే ఎంచావు" అంది. "నేనూ వెతికాను, వంక దొరకలేదు."

మరదలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది, కోపం ఇంకా పోలేదు కాబట్టి.

"ఇప్పుడేం చేద్దాం మరి?" అన్నాడు బుడ్డోడు. ఇద్దరాడవాళ్ళ మధ్యా తను బోర్డో, తను మనిషో అతనికి తెలియడం లేదు.

"నువ్వు ముందు కిటికీకి అడ్డం లే" అంది అక్క.

పనిముట్ల పెట్టెలోంచి అన్నిటికంటే సన్నటి సూది తీసింది, చెవి మిషన్ల లోపలి తీగలు సర్దేది. అందులోనే ఉన్న చిన్న భూతద్దం కంటికి తగిలించుకుని వంగింది. మొదటి పిన్ను నెమ్మదిగా లేచి తన వరసలోకి వచ్చింది. రెండోది కూడా వచ్చింది. మూడోది దాదాపు పడుకునిపోయింది, దాని పక్కది దాని మీద పడింది. సూది మొన దాని కిందికి పోనిస్తుంటే చెయ్యి వణికింది. ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ వణికింది. ఆమె చెయ్యి అలా వణకడం ఆ తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నాకివ్వండి వదినా" అంది మరదలు.

ఆ సూదిని చెవులక్క ఇంతవరకు ఇంకో చేతికి ఇచ్చింది లేదు. దాని వైపు చూసింది, మరదలి వైపు చూసింది. విరిగితే బోర్డు ఇక చెత్తబుట్టలోకే. సరిగ్గా వస్తే, ఈ ఇంట్లో ఇక ప్రాసెసర్ ఎవరు పెడతారో ఆమెకు బాగా తెలుసు. సూదిని మొన తనవైపు తిప్పి ఇచ్చింది. భూతద్దం కూడా తీసి ఇచ్చింది. తమ్ముడి చేతిలోంచి ఫోను లాక్కుని, లైటు వేసి, సాకెట్ మూల మీద పడేలా పట్టుకుంది.

"పక్కది కదపకు. ముందు కిందిదాన్ని లేపు."

"ఊఁ."

మరదలు వంగింది. సూది మొన పిన్ను కిందికి దిగి ఆగింది, మళ్ళీ కాస్త పైకి లేచింది. ఆ పిల్ల చెయ్యి వీసమెత్తు కూడా వణకలేదు. అది చూస్తే చెవులక్కకు మళ్ళీ ఎక్కడో మండింది. లైటు మాత్రం కదలనివ్వలేదు.